తాగి చూస్తే నీళ్లలో లోహాలు తెలుస్తాయా?

మా నీళ్ల పరీక్షల ల్యాబులో సీసా చేతికిస్తూ చాలామంది అనే మాట: "తాగి చూశామండీ, బాగానే ఉన్నాయి." నీళ్లలో సీసం (లెడ్) లాంటి విషలోహం ఉందో లేదో తేల్చడానికి ఆ మాట పనికిరాదు.

అపోహ: లోహం ఉంటే నాలుకకు తెలిసిపోతుంది.

వాస్తవం: కొన్నే తెలుస్తాయి. లీటరుకు 0.3 మిల్లీగ్రాముల లోపు ఇనుము సాధారణంగా తెలియదు, దాటితే తుప్పు రుచి మొదలవుతుంది. రాగి 2.5 దాటితే చేదు, జింకు 4 దగ్గర వగరు. సీసానికి మన దేశంలో పరిమితి 0.01. దానికి పదింతలున్నా నోటికి తెలియదు. ఆర్సెనిక్ (అచ్చంగా లోహం కాదు లెండి) కూడా అంతే. బంగ్లాదేశ్‌లో జనం ఏళ్లతరబడి ఆర్సెనిక్ ఉన్న బోరింగు నీళ్లు తాగారు. తర్వాత పరీక్షలు చేసి, ప్రమాదకరమైన బోరింగులకు ఎర్ర రంగు వేశారు. లోహం కాకపోయినా, మన నల్గొండ ఫ్లోరైడూ నోటికి దొరకలేదు, పళ్ల మీద, ఎముకల్లో బయటపడింది.

అపోహ: తుప్పు వాసన వస్తే విషమే.

వాస్తవం: చాలావరకు అది ఇనుమే. బోరు నుంచి తేటగా వచ్చిన నీళ్లు బకెట్లో కాసేపటికి ఎర్రబడతాయి, టీ నల్లబడుతుంది, తెల్లబట్టలు పాడవుతాయి. చికాకే గానీ మరీ భయపడక్కర్లేదు. ముక్కు మూసుకుని తాగి చూడండి, ఆ ఇనుప రుచి చాలావరకు మాయమవుతుంది. మనం రుచి అనుకునేది ఎక్కువగా వాసనే!

అలాగని పాత గొట్టాల్లోంచి వచ్చే ఎర్రనీళ్లను తేలిగ్గా తీసుకోవద్దు. అమెరికాలోని ఫ్లింట్‌లో 2014లో నీటి వనరు మార్చాక జనం రంగు, వాసన గురించి మొత్తుకున్నారు. వాళ్లకు కనిపించింది తుప్పు. దాంతోపాటే గొట్టాల్లోంచి దిగిన సీసం పరీక్షల్లో గానీ తేలలేదు.

అపోహ: టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) తక్కువుంటే లోహాలు లేనట్టే.

వాస్తవం: నన్ను ఎక్కువగా విసిగించేది ఇదే. టీడీఎస్ మీటరు చూసేది నీళ్లలో కరెంటు ఎంత పారుతుందన్నది, ఏ లోహం ఉందన్నది కాదు. టీడీఎస్ 300 ఉన్న నీళ్లలో సీసం 0.05 ఉంటే, అంటే పరిమితికి ఐదింతలు, మీటరులో అంకె కదలదు.

మరిగిస్తే లోహాలు పోతాయా? పోవు. నీళ్లు ఆవిరై ఇంకాస్త చిక్కబడతాయి. రాగి చెంబులో మంచినీళ్లు పర్లేదు, మజ్జిగ, నిమ్మరసం మాత్రం పోయకండి, పులుపుకు రాగి కరిగి దిగుతుంది.

కుళాయి మీద అనుమానముంటే, రాత్రంతా నిలిచి పొద్దున్నే వచ్చే మొదటి నీళ్లు పట్టి తెండి. ఉత్త "వాటర్ టెస్ట్" అంటే పీహెచ్, టీడీఎస్, కాఠిన్యం చూసి ఇచ్చేస్తారు. సీసం, ఆర్సెనిక్ అని పేరు పెట్టి అడగండి.