హ్యామర్ మెషిన్ మోత పాము దవడకు వినపడుతుంది

విశాఖ సీతమ్మధారలో ఫ్లాట్‌కి టైల్స్ మార్పిస్తున్న ఒక పాఠకురాలు అడిగారు: "పది రోజులు హ్యామర్ మెషిన్ నడుస్తుందట. మా పెంపుడు కొండచిలువ బాల్ పైథాన్‌ని వెనక గదిలో పెట్టి తలుపేస్తే చాలదా? దానికెలాగూ చెవులుండవు కదా!"

చాలదు. పాముకు చక్షుశ్రవం అని పేరు, కళ్ళతో వింటుందని. నాగస్వరానికి ఆడుతుందన్నది ఇంకో నమ్మకం. నిజానికి అది ఊదే ఆ సొరకాయ బుర్ర కదలికను చూసి ఊగుతుంది. వినడం మాత్రం ఎక్కువగా దవడ, పుర్రె ఎముకలతోనే. బయటి చెవి, కర్ణభేరి లేవు గానీ లోపలి చెవి నిక్షేపంగా ఉంది. అక్కణ్ణుంచి పుల్లలాంటి సన్నని ఎముక ఒకటి దవడను మోసే ఎముకకు ఆని ఉంటుంది. తల నేలకు ఆనించి పడుకుంటే నేల అదురు దవడలోంచి నేరుగా లోచెవికి చేరుతుంది. మోచేతులు బల్లకు ఆనించి, అరచేతులతో చెవులు గట్టిగా మూసుకుని, ఎవరినైనా ఆ బల్లను గోటితో గీకమనండి. ఆ మోత మీ ఎముకల్లోంచి వస్తుంది.

ఇప్పుడు లెక్క. మామూలు హ్యామర్ మెషిన్ నిమిషానికి సుమారు 4,000 దెబ్బలు కొడుతుంది, అంటే సెకనుకు 67. దాని రెట్టింపు 133 దగ్గరా అదురు పుడుతుంది. 2012లో డెన్మార్క్ శాస్త్రజ్ఞులు బాల్ పైథాన్ల వినికిడిని కొలిస్తే, అవి బాగా పసిగట్టేది 80 నుంచి 160 హెర్ట్జ్ (సెకనుకు అన్ని అదుర్లు) మధ్యే అని తేలింది. తలుపు గాలిలో వచ్చే మోతను తగ్గిస్తుంది. స్లాబ్ మాత్రం హాలుకీ వెనక గదికీ ఒక్కటే.

యోగా మ్యాట్ వేస్తే సరిపోతుందనుకుంటారు. బరువు పెట్టినప్పుడు కింది మెత్త ఎంత కుంగిందో దాన్నిబట్టి ఆ అమరిక సొంత ఊపు, అంటే అది సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందన్నది, ఉంటుంది. 5ని, కుంగిన సెంటీమీటర్ల వర్గమూలంతో భాగించండి. మ్యాట్ 0.1 మిల్లీమీటరు కుంగితే 50 హెర్ట్జ్. బయటి అదురు ఈ ఊపుకి 1.4 రెట్లు దాటితేనే తగ్గడం మొదలవుతుంది. 50కి 1.4 రెట్లంటే 70, మెషిన్ 67 దాన్ని దాటదు కాబట్టి మ్యాట్ దాన్ని ఇంకాస్త పెంచి పైకి పంపుతుంది! అదే 1 సెంటీమీటరు కుంగితే ఊపు 5 హెర్ట్జ్. అప్పుడు లెక్క ప్రకారం 67లో నూటికి ఒక వంతు కూడా పైకి రాదు. నిజంలో కొంచెం ఎక్కువే వస్తుంది.

అంత కుంగేది చవగ్గా దొరుకుతుంది: స్కూటర్ ట్యూబులు రెండు. సగం గాలి కొట్టి పక్కపక్కన పరిచి, పైన 12 మి.మీ. ప్లైవుడ్ వేయండి. దానిమీద మిగిలిన టైల్స్ నాలుగు బరువుకి, ఆపైన పాము డబ్బా. పలక గోడకు తగలకూడదు, నేలకీ దానికీ మధ్య రెండు వేళ్ళ సందుండాలి. స్టీలు గ్లాసు నిండా నీళ్ళు పోసి పలక మీద పెట్టి, మేస్త్రిని ఒకసారి మెషిన్ ఆన్ చేయమనండి. నీళ్ళమీద సన్నని వలయాలు వణికితే ట్యూబు గట్టిగా ఉన్నట్టు, కొంచెం గాలి తీయండి.

పెయింట్, టిన్నర్ వాసన ఇంకో గండం. పాముకు ఉదరవితానం (ఛాతీకీ పొట్టకీ మధ్య ఊపిరాడించే కండర పొర) లేదు, దగ్గి ఊపిరితిత్తిని శుభ్రం చేసుకోలేదు. విశాఖలో పగలు గాలి సముద్రం వైపునుంచి వీస్తుంది కాబట్టి డబ్బా సముద్రం వైపు గదిలో ఉండాలి. రాత్రి గాలి తిరుగుతుంది, అప్పుడు ఆ గది తలుపు మూయాలి. చెదల మందు కొట్టే రోజు మాత్రం గది మార్చడం కాదు, పామును వేరే ఇంటికే మార్చండి. నోరు తెరిచి ఊపిరి పీలుస్తున్నా, నోటి దగ్గర నురగ కనిపించినా పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళాలి.

డబ్బా మూతకు తాళం, బాత్రూమ్ నేలలోని నహానీ ట్రాప్‌కి గుడ్డ తప్పనిసరి. తల పట్టిన సందులో ఒళ్ళూ పడుతుంది. పనివాళ్ళకు ముందే చూపించి చెప్పండి, లేకపోతే పాము కనపడగానే కర్ర వెతుకుతారు. భక్తితో ఎవరైనా పాలు పెట్టబోతే వద్దనండి, దానికి నీళ్ళు చాలు. ఇది కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదైన బాల్ పైథాన్ సంగతి. మన జెర్రిపోతును పెంచడం నేరం.

పని అయ్యాక పొడి చీపురు పట్టకండి, సిమెంటు దుమ్ము లేస్తుంది. తడిగుడ్డతో తుడిచి, డబ్బా అడుగున పరిచినదాన్ని మార్చి, వాసన పూర్తిగా పోయాకే పామును తిరిగి తెండి. ఆ రోజే ఎలుకను పెట్టకండి, ఒత్తిడిలో తిన్నది కక్కేయవచ్చు. ఐదారు రోజులాగి, సాయంత్రం గూట్లోంచి తల బయటపెట్టి నాలుక ఆడిస్తుంటే అప్పుడు పెట్టండి.