అసలు సరుకు వదిలేసి కొసరు మీద పడ్డారు

1980లో జపాన్‌లో నింటెండో వాళ్ళు గేమ్ అండ్ వాచ్ అని జేబులో పట్టే ఆటలు మొదలెట్టారు, అందులో మొట్టమొదటి దాని పేరు బాల్. అంతే, ఇంకేం లేదు పేరు. తెర మీద ఒక బొమ్మ మనిషి బంతులు ఎగరేస్తూ ఉంటాడు, మనకి రెండు బటన్లు, ఒకటి నొక్కితే వాడి చేతులు రెండూ ఎడమకి జరుగుతాయి, ఇంకోటి నొక్కితే కుడికి. బంతి కింద పడిందా, ఆట ఫినిష్. లైఫులు గీఫులు ఏం లేవు. దీన్ని తయారుచేసిన గున్‌పెయ్ యొకోయ్‌కి ఈ ఐడియా బుల్లెట్ ట్రైన్‌లో వచ్చిందంటారు, ఎవరో ఆఫీసు మనిషి బోర్ కొట్టి క్యాలిక్యులేటర్ బటన్లు ఊరికే నొక్కుకుంటూ కూర్చుంటే చూసి. అప్పటికి క్యాలిక్యులేటర్ కంపెనీలు పోటీ పడి ఎల్‌సీడీ తెరల ధరలు బాగా పడిపోయాయి, కొత్త టెక్నాలజీ కోసం వెంపర్లాడకుండా పాతబడి చవకైన దానితోనే కొత్తగా ఏదైనా చెయ్యాలి అన్నది ఈయన పద్ధతి.

2020లో సూపర్ మారియో బ్రదర్స్ వచ్చి 35 ఏళ్ళయిందని నింటెండో అలాంటి బుల్లి పరికరమే మళ్ళీ తెచ్చింది. లోపల మారియో ఆట, పక్కన కొసరుగా ఈ బాల్, బొమ్మకి మాత్రం మారియో తలకాయ తగిలించారు. మా టీమ్‌లో ఒకతను అమెరికా నుంచి వస్తూ అది పట్టుకొచ్చి ప్యాంట్రీలో పెట్టాడు. మారియోని తలా ఒకసారి ఆడి వదిలేశారు, కానీ బాల్ దగ్గర మాత్రం క్యూ కట్టారు అండి, టీ చల్లారిపోతున్నా "అన్నా ఒక్క ఆట, ఒక్కటే ఆడి ఇచ్చేస్తా" అని బతిమాలుకోడం, ఫ్రిజ్ మీద స్కోర్లు రాసిన కాగితం, మా టెస్టింగ్ మేడమ్ అయితే మీటింగ్‌కి లేటుగా వచ్చి "సారీ, బంతి గాల్లో ఉంది" అన్నారు. ఇంత అల్పమైన ఆటలో ఏముంది అసలు?

ముందు చేతి సంగతి. కంటికి ఏదైనా కనబడ్డాక వేలు కదలడానికి మనకి దాదాపు పావు సెకను పడుతుంది. స్కోరు పెరిగే కొద్దీ బాల్ స్పీడు పెరుగుతుంది, కాబట్టి బంతి దిగింది చూసి నొక్కుదాం అనుకుంటే ఎప్పుడూ లేటే. బంతులు వేరు వేరు ఎత్తుల్లో తిరుగుతాయి, ఎత్తుగా వెళ్ళేది ఆలస్యంగా దిగుతుంది, ఏది ముందు దిగుతుందో మెదడు ముందే లెక్కేసుకుని ఉండాలి. అచ్చనగాయల్లో రాయి పైన ఉండగానే కింద గాయలు ఏరేస్తారు చూడండి, పైకి చూస్తూ, అదే పని ఇది. ఇలా ముందే అంచనా కట్టడంలో చిన్నమెదడుకి పెద్ద పాత్ర ఉంది. ఆ అంచనా తప్పినప్పుడు ఎందుకు తప్పిందో ఇక్కడ క్షణంలో తెలిసిపోతుంది, "అబ్బా, కుడి పక్కది చూస్కోలా" అని. స్లాట్ మెషిన్‌లో ఓడితే నేర్చుకోడానికి ఏమీ ఉండదు, ఇక్కడ ప్రతి ఓటమిలో ఒక పాఠం ఉంటుంది, మళ్ళీ మొదలెట్టడానికి ఒక నొక్కు చాలు. నన్నడిగితే సగం పిచ్చి ఆ ఒక్క నొక్కులోనే ఉంది, మారియోలో చస్తే నడిచిన దారే మళ్ళీ నడవాలి కదా.

డోపమైన్ అనే మెదడు రసాయనం గురించి చెప్పకపోతే ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి చెప్తా. 1998లో లండన్‌లో కొందరు శాస్త్రవేత్తలు వీడియో గేమ్ ఆడుతున్న వాళ్ళ మెదళ్ళని పెట్ స్కాన్ చేసి, ఆడేటప్పుడు డోపమైన్ విడుదల అవుతోందని నేచర్ పత్రికలో వేశారు. డోపమైన్ అంటే ఆనందం అని అందరూ వాడేస్తున్నారు, అది సగమే నిజం, అసలు మజా అంతా వుల్‌ఫ్రమ్ షుల్ట్స్ అనే శాస్త్రవేత్త కోతుల మీద చేసిన ప్రయోగాల్లో ఉంది. కోతికి అనుకోకుండా పళ్ళరసం చుక్క దొరికితే డోపమైన్ కణాలు గట్టిగా స్పందించాయి, అదే రసం ముందు లైటు వెలిగి వస్తుందని అలవాటయ్యాక రసానికి స్పందించడం మానేసి లైటుకి స్పందించాయి, లైటు వెలిగాక రసం రాకపోతే మామూలు కన్నా కిందికి పడిపోయాయి. అంటే ఆ కణాలు చూసేది బహుమతి ఎంత అని కాదు, అనుకున్న దానికీ వచ్చిన దానికీ తేడా ఎంత అని. బాల్‌లో పూర్తిగా చెయ్యి తిరిగేదాకా ఆ తేడా ఉంటూనే ఉంటుంది, ఇవాళ నిన్నటి కన్నా కాస్త ఎక్కువ వస్తుంది, లేదా వస్తుందనుకున్నది చేజారుతుంది.

ఇక పక్కన నిలబడి చూసేవాళ్ళ సంగతి. ఇది నాకు భలే ఇష్టం ఎందుకంటే ఇందులో బొద్దింకలున్నాయి. 1969లో రాబర్ట్ జాయన్స్, ఆయన బృందం బొద్దింకల్ని పరిగెత్తించి, చూడటానికి వేరే బొద్దింకల్ని ప్రేక్షకులుగా కూర్చోబెట్టారు (నిజంగానే, వాటికి ప్రత్యేకంగా పెట్టెలు కట్టారు). తిన్నని దారిలో ప్రేక్షకులుంటే ఇంకా జోరుగా పరిగెత్తాయి, మలుపున్న దారిలో మాత్రం ప్రేక్షకులుంటే ఇంకా ఆలస్యం చేశాయి. అలవాటైన పనికి జనం ఊపునిస్తారు, కొత్త పనిని చెడగొడతారు అని దీనికి అర్థం చెప్పారు. మా ప్యాంట్రీలో కొత్తగా చేరినవాళ్ళు నలుగురు చూస్తుంటే వెంటనే బంతి వదిలేసేది దీనివల్లే అనుకుంటా. కానీ బాగా ఆడేవాళ్ళు కూడా కాగితం మీది రికార్డుకి రెండు మూడు పాయింట్ల దూరంలో, వెనక జనం "ఏయ్ కొడుతున్నాడ్రా" అని గుమిగూడగానే ఠపీమని పడేస్తారు, మరి అదేంటి? దానికి వేరే వివరణ ఉంది. బాగా అలవాటైన పనిని చేతులు వాటంతట అవే చేసుకుపోతుంటాయి, రికార్డు గుర్తొచ్చి నా వేలు ఎలా కదులుతోంది అని మనం లోపలికి తొంగిచూశామా, ఆ వరస చెడుతుంది. గోల్ఫ్ బంతి కొట్టేవాళ్ళ మీద సియన్ బైలాక్ చేసిన పనిలో కనబడింది ఇదే.

మేనేజర్లకి వచ్చే డౌటు ఒకటుంది, దీనివల్ల పని దెబ్బతింటుందా అని. పది నిమిషాల లోపు చిన్న బ్రేకుల మీద చేసిన ప్రయోగాలన్నీ కలిపి 2022లో లెక్కేస్తే అలసట తగ్గి హుషారు పెరిగింది, పని నాణ్యత మొత్తం మీద పెరిగిందని మాత్రం గట్టిగా తేలలేదు. బ్రేకు పది నిమిషాలు దాటితే ఆ లెక్క మనకి వర్తించదు, మా వాళ్ళది ఎప్పుడూ దాటేది.

ఈ పిచ్చి మొదట వదిలింది ఎవరికంటే అందరికన్నా బాగా ఆడేవాళ్ళకి. రిచర్డ్ హేయర్ అనే శాస్త్రవేత్త 1992లో టెట్రిస్ (పైనుంచి పడే ముక్కల్ని పేర్చే వీడియో గేమ్) ఆడేవాళ్ళని స్కాన్ చేస్తే, కొన్ని వారాలు ప్రాక్టీస్ అయ్యాక స్కోరు బాగా పెరిగింది కానీ మెదడు వాడే గ్లూకోజ్ తగ్గింది, చెయ్యి తిరిగిన పనికి మెదడు తక్కువ ఖర్చు పెడుతుందన్నమాట. అంచనా తప్పడం ఆగిపోయాక ఆశ్చర్యమూ ఉండదు కదా. ఫ్రిజ్ మీది కాగితంలో పై పేరు వాళ్ళు ఇప్పుడు దాని వంకే చూడరు. మధ్యలో ఆగిపోయినవాళ్ళే ఇంకా ఆడుతున్నారు, మా టెస్టింగ్ మేడమ్ అయితే ఈ ఆటలోనే మూడు బంతులుండే రెండో రకం, గేమ్ బిలోకి దిగి మళ్ళీ మొదట్నుంచీ ఓడిపోతూ మహా సంతోషంగా ఉన్నారు.