స్ప్రే పెయింటు డబ్బా, రెండు ఓజోన్‌లు

తుప్పు పట్టిన గేటుకు రంగు వేద్దామని తెచ్చిన స్ప్రే డబ్బాను ఊపితే లోపల టకటకమని ఒక గుండు కొట్టుకుంటుంది. అడుగున పేరుకున్న రంగును కలిపేది అదే. మీట నొక్కగానే రంగు మంచులా చిమ్ముతుంది. గేటుకు అంటింది అంటగా, మిగిలిన తుంపర గాలిలోనే ఆరిపోయి, కింద పరిచిన పాత పేపరు మీద సన్నని పొడిగా రాలుతుంది. కంటికి కనిపించే వృథా అంతవరకే. మామూలు స్ప్రే పెయింటులో సాధారణంగా సగానికి పైగా ఉండేవి రంగును పలచగా ఉంచే ద్రావకాలు, దాన్ని బయటికి తోసే వాయువులు. అవన్నీ ఆవిరై గాలిలో కలిసిపోవలసినవే.

1949లో అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రంలో ఎడ్ సేమూర్, భార్య బోనీ ఇచ్చిన సలహాతో, అల్యూమినియం పెయింటును ఇలాంటి డబ్బాలో నింపాడు. ఆ తరువాతి దశాబ్దాలలో రకరకాల స్ప్రే డబ్బాలలో తోసే వాయువులుగా క్లోరోఫ్లోరోకార్బన్‌లను (సీఎఫ్‌సీలను) విరివిగా వాడారు. అవి నేలకు చాలా ఎత్తున ఉండే స్ట్రాటో ఆవరణానికి చేరి, అతినీలలోహిత కిరణాలకు విడిపోయి క్లోరిన్‌ను వదులుతాయని, ఆ కిరణాల నుంచి మనల్ని కాచే అక్కడి ఓజోన్ పొరను ఆ క్లోరిన్ తినేస్తుందని 1974లో శాస్త్రవేత్తలు మొలీనా, రోలండ్ హెచ్చరించారు. ఒక్క క్లోరిన్ పరమాణువు దాదాపు లక్ష ఓజోన్ అణువులను నాశనం చేయగలదు. 1978లో అమెరికా స్ప్రేలలో వాటి వాడకాన్ని చాలావరకు నిషేధించింది. 1987లో ఓజోన్ పొరను కాపాడేందుకు దేశాల మధ్య మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. 1992లో భారతదేశమూ అందులో చేరింది.

నేను కొన్న డబ్బా మీద ‘సీఎఫ్‌సీ లేదు’ అని పెద్ద అక్షరాలలో ఉంది కానీ, లోపల ఏ ద్రావకం ఉందో ఎక్కడా లేదు. అసలు తెలియవలసింది అదే. ఇప్పుడు తోసే వాయువులుగా వాడుతున్న ప్రొపేన్, బ్యూటేన్‌లతో పాటు జైలీన్, టొల్యూన్ వంటి ద్రావకాల ఆవిర్లు, వాహనాల పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లతో ఎండలో చర్య జరిపి, మనం పీల్చే గాలిలోనే ఓజోన్‌ను పుట్టిస్తాయి. పైన మనల్ని కాచే ఆ వాయువే ఇక్కడ ఊపిరితిత్తులను మండిస్తుంది, ఉబ్బసాన్ని ఎక్కువ చేస్తుంది, పంటల ఆకులను దెబ్బతీస్తుంది. ఎండకూ వాహనాలకూ కొదవలేని హైదరాబాద్, విజయవాడ వంటి నగరాలకు ఇది పరాయి సమస్య కాదు.

ద్రావకాలన్నీ ఒకే స్థాయిలో హాని చేయవు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్ర గాలి కాలుష్య నియంత్రణ సంస్థ వాడే కొలమానం ప్రకారం, గ్రాము అసిటోన్ కంటే గ్రాము జైలీన్ ఇరవై రెట్లకు పైగా ఓజోన్‌ను పుట్టించగలదు. అందుకే అక్కడి నిబంధనలు స్ప్రే పెయింటులో ఎంత ద్రావకం ఉందన్నది కాక, దాని నుంచి ఎంత ఓజోన్ పుడుతుందన్నది లెక్కగడతాయి. 2008లో అమెరికా దేశమంతటికీ ఇదే పద్ధతి వచ్చింది. నా దృష్టిలో సరైన లెక్క ఇదే. మన డబ్బాల మీదా ద్రావకాల పేర్లు అచ్చు వేయాలి.

గేటుకు రెండో పూత నీటితో కలిపే ఎనామిల్‌తో, బ్రష్షుతో వేశాను. పేపరు మీద నాలుగైదు చుక్కలే పడ్డాయి.