కోళ్ల ఫ్లూ మనకెందుకు తేలిగ్గా అంటదు?

బుజ్జీ, చిన్నా,

2025 ఫిబ్రవరిలో మన గోదావరి జిల్లాల్లో కోళ్లు గుంపులు గుంపులుగా చచ్చిపోయాయి కదా, వాటికొచ్చింది హెచ్5ఎన్1 అనే ఫ్లూ. మనకొచ్చేదీ ఫ్లూనే, మరి వాటిది మనకెందుకు అంటలేదని బుజ్జి అడిగింది. కారణాలు చాలా ఉన్నాయి గానీ, పెద్దది వైరస్ అంటుకునే తీరులోనే ఉంది.

ఫ్లూ వైరస్‌లు పదివేలు వరసగా పేరిస్తే ఒక్క మిల్లీమీటరు. దాని ఒంటి నిండా హీమగ్లుటినిన్ అనే ప్రొటీన్ ముళ్లు. మన కణాల మీద చక్కెర గొలుసులుంటాయి, వాటి కొసన సియాలిక్ ఆమ్లం ఉంటుంది. ముల్లు పట్టుకునేది దాన్నే. ఒక్క ముల్లు పట్టు బలహీనమే. కానీ పొలం గట్టున పంచెకి ఉత్తరేణి కంకి తగులుకున్నట్టు, ఒకేసారి చాలా ముళ్లు పట్టుకుంటే ఇక ఊడిరాదు.

ఆ సియాలిక్ ఆమ్లం గొలుసుకు అతుక్కునే తీరు పక్షుల పేగుల్లో ఒకలా, మన ముక్కులో గొంతులో ఎక్కువగా ఇంకోలా ఉంటుంది. కోళ్ల వైరస్ ముల్లుకి సరిపడేది పక్షుల తీరు. అయితే మన ఊపిరితిత్తుల లోతుల్లో ఆ తీరుదీ ఉంది. అందుకే కోళ్ల మధ్య తిరిగేవాళ్లకి అరుదుగా సోకినా, సోకితే ప్రాణం మీదికి రావచ్చు.

అంటుకున్నాక జరిగేది నాకు భలే వింత. వైరస్‌ని లోపలికి లాక్కునేది కణమే! బయటి పదార్థాలను తన పొరతోనే సంచిలా చుట్టి మింగడం దానికి రోజూ ఉన్న పనే. ఆ సంచి లోపలికి పోయేకొద్దీ పులుపెక్కుతుంది. వైరస్ ఎదురుచూసేదీ ఆ పులుపు కోసమే. పీహెచ్ (పులుపు పెరిగేకొద్దీ తగ్గే కొలత) 5 దగ్గరికి దిగేసరికి హీమగ్లుటినిన్ ఆకారం మారిపోయి, అంతదాకా దాచుకున్న కొసను సంచి పొరలో గుచ్చుతుంది. వైరస్ పొర, సంచి పొర కలిసిపోతాయి. వైరస్‌లోని 8 ఆర్ఎన్ఏ ముక్కలు, అంటే దాని జన్యువులు, బయటపడి కేంద్రకానికి చేరతాయి. అక్కడినుంచి మన కణం కొత్త వైరస్‌లను తయారుచేయడం మొదలుపెడుతుంది.

చిన్నా, ఇక్కడ నువ్వు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. బయటికొచ్చే కొత్త వైరస్‌లు ఆ సియాలిక్ ఆమ్లానికే అంటుకుని కణం మీదే చిక్కుకుపోవాలి కదా? చిక్కుకోకుండా వైరస్ మీదే ఉండే న్యూరామినిడేస్ అనే ఇంకో ప్రొటీన్, ఒక ఎంజైమ్, ఆ ఆమ్లాన్ని కోసేస్తుంది. హెచ్5ఎన్1లో హెచ్, ఎన్ అన్నవి ఈ రెండు ప్రొటీన్లే. ఫ్లూకి డాక్టర్లు రాసే ఓసెల్టామివిర్ ఆపేది ఈ కోతనే, అంటుకోవడాన్ని కాదు. కాబట్టి వైరస్ బాగా పెరిగిపోకముందే, లక్షణాలు మొదలైన రెండు రోజుల్లోపు వేసుకుంటే ఎక్కువ పనిచేస్తుంది.

మీ తాతయ్య