ఎర్ర రాతికి ఎర్ర ఫిల్టరా?

అమెరికాలో యూటా సరిహద్దుకు కాస్త దక్షిణంగా, అరిజోనా ఎడారిలో 'ద వేవ్' అనే రాతి తావు ఉంది. ఎరుపు, తెలుపు, పసుపు చారలు నీటి అలల్లా మెలితిరిగి ఉంటాయి. అది ప్రభుత్వ భూమి. బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ రోజుకు గరిష్ఠంగా 64 మందిని, అదీ లాటరీలో పేరు వస్తేనే, లోపలికి రానిస్తుంది. ఇంత అదృష్టం కలిసివచ్చి, నలుపు తెలుపు ఫిల్ముతో అక్కడికి చేరినవారిలో చాలామంది అలవాటు కొద్దీ లెన్సుకు ఎర్ర ఫిల్టరు బిగిస్తారు. ఆకాశం నల్లగా, గంభీరంగా వస్తుందన్నది నిజమే. కానీ చూడటానికి వచ్చిన చారలు మాయమవుతాయి.

కారణం రాతిలోనే ఉంది. ఇది నవాహో ఇసుకరాయి. సుమారు 19 కోట్ల ఏళ్ల కిందట గాలి పోగేసిన ఇసుక తిన్నెలే గట్టిపడి ఇలా రాయయ్యాయి. ఏటవాలు గీతలు ఒకప్పుడు ఆ తిన్నెల జారుడు వాలులు. ఇసుక రేణువుకు సొంత రంగు దాదాపు లేదు. దాని మీద హెమటైట్ అనే ఇనుప ఆక్సైడు సన్నటి పూతలా పట్టుకోవడం వల్ల రాయి ఎర్రబడింది. తర్వాత ఆక్సిజన్ లేని భూగర్భ ద్రవాలు ఇంకిన చోట్ల ఆ ఇనుము కరిగిపోయి, రాయి తెల్లబడింది.

హెమటైట్ నీలి, ఆకుపచ్చ కాంతులను మింగేసి ఎరుపును వెనక్కి పంపుతుంది. తెల్ల రాయి అన్నింటినీ పంపుతుంది. ఎర్ర ఫిల్టరు ఎరుపును మాత్రమే పోనిస్తుంది కాబట్టి ఫిల్ముకు రెండు రాళ్లూ దాదాపు ఒకటే. మూడు స్టాపుల వెలుగు (ఒక్కో స్టాపుకు వెలుగు సగమవుతుంది) ఖర్చుపెట్టి కొనుక్కున్న నష్టం ఇది! ఆకుపచ్చ ఫిల్టరు పెడితే ఇనుమున్న చారలు నల్లబడి విడివడతాయి. ఎరుపును అసలు గుర్తించని ఆర్థోక్రొమాటిక్ ఫిల్ము అయితే ఫిల్టరు కూడా అక్కరలేదు.

పాతకాలపు ఫొటోగ్రాఫర్లకు ఇది కోరకుండానే దక్కింది. 1873లో తిమోతీ ఓసల్లివన్ అరిజోనాలోనే ఉన్న కాన్యన్ డి షే అనే లోయ కొండగోడను తీసిన గాజు పలకకు నీలి, అతినీల లోహిత కాంతులే తెలుసు. తడి ఆరకముందే తీసి, అక్కడికక్కడే కడగాల్సిన పలక అది. ఆ కాలపు పలకల మీద ఆకాశం వట్టి తెల్ల కాగితంలా వచ్చేది. కొండగోడ మీది గీతలు మాత్రం ఉలితో చెక్కినట్టు పడ్డాయి.

నీడల లెక్క కూడా మారుతుంది. ఆరుబయట నీడకు వెలుగునిచ్చేది నీలాకాశం. ఎర్ర ఫిల్టరు దాన్ని ఆపేసి నీడను సిరాలా చేస్తే, ఆర్థో ఫిల్ము అందులోని వివరాన్ని పట్టుకుంటుంది. ఇరుకు లోయల్లో మాత్రం ఎదుటి గోడ నుంచి ఎర్ర వెలుగే నీడలోకి పడుతుంది. అక్కడ వెలుగు కొలిచే మీటరు చెప్పినంత వెలుగు ఆర్థోకు అందదు.

సూర్యాస్తమయం దగ్గరపడ్డప్పుడూ ఇదే ఇబ్బంది. ఇల్‌ఫర్డ్ ఆర్థో ప్లస్ అనే ఆర్థో ఫిల్ము వేగం, అంటే వెలుగుకు స్పందించే గుణం (ISO), పగటి వెలుగులో 80, పసుపు బల్బు వెలుగులో 40. అందరూ కాచుకునే బంగారు వెలుగులో ఎక్స్‌పోజరు పెంచక తప్పదు. చారలే కావాలంటే నేనైతే పలచని మబ్బున్న మధ్యాహ్నాన్ని ఎంచుకుంటాను. ట్రైపాడ్ కాళ్లు మాత్రం రాతి మీదే ఆనించాలి. పక్కనే నల్లగా, పొక్కులుపొక్కులుగా కనిపించే మట్టి సజీవమైన పొర; అడుగు పడి నలిగితే తేరుకోవడానికి దశాబ్దాలు పట్టవచ్చు.