అన్నభేది నీళ్లలో 42 ఏళ్లు

1719లో స్వీడన్‌లోని ఫాలున్ రాగి గనిలో, నీళ్లు నిండిన ఓ పాత సొరంగంలో పనివాళ్లకు ఒక కుర్రాడి శవం దొరికింది. నిన్నమొన్న పోయినవాడిలా ఉన్నాడు. చూస్తే, ఈమధ్య గనిలో తప్పిపోయినవాళ్లెవరూ లేరు. శవాన్ని పైకి తెచ్చి అందరికీ చూపిస్తే మార్గరెతా అనే పెద్దావిడ గుర్తుపట్టింది. 1677లో గనిలోకి దిగి తిరిగిరాని మాట్స్ ఇస్రాయెల్సన్. ఆమెను పెళ్లి చేసుకోవాల్సినవాడు.

ఈ గనిలో రాగితో పాటు ఇనుము, గంధకం కలిసిన పైరైట్ బోలెడంత ఉంది. గాలీ నీరూ తగిలితే అది మెల్లగా అన్నభేదిగా మారుతుంది. మన మూలికల కొట్లలో అమ్మే ఆకుపచ్చటి అన్నభేదే, పొలాల్లో వాడే మైలుతుత్తానికి వరసకు తమ్ముడు. అది కరిగిన పుల్లటి నీళ్లలో శవాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవుల ఆటలు సాగవు. శవం రాయిగా మారిందని జనం అనుకున్నారు. ప్రకృతి శాస్త్రవేత్త లినేయస్ మాత్రం, పైన పట్టింది అన్నభేది పొర మాత్రమేనని తేల్చాడు. చాలా ఏళ్లు ప్రదర్శనలో పెట్టిన ఆ శవానికి చివరి ఖననం 1930లో గానీ జరగలేదు.

గని అంతకంటే చాలా పాతది. ఒక బిషప్‌కు ఇందులో ఎనిమిదో వంతు వాటా ఉన్నట్టు 1288 నాటి పత్రం చెబుతుంది. 17వ శతాబ్దంలో ఒక దశలో యూరప్ రాగిలో మూడింట రెండొంతులు ఇక్కడిదే. స్వీడన్ యుద్ధాలకు డబ్బు ఇక్కడినుంచి కూడా వచ్చింది. తవ్వే పద్ధతి మాత్రం మోటుది: బండకు ఆనించి కట్టెలు పేర్చి మంట పెట్టడం, వేడికి పగుళ్లిచ్చిన రాయిని సుత్తులతో రాల్చుకోవడం. ఇలా లోపలంతా గుల్లయిపోయి, 1687 జూన్‌లో గోడలు కూలి గుంతలన్నీ ఒక్కటయ్యాయి. ఆ రోజు మిడ్‌సమర్ పండగ సెలవు, లోపల ఎవరూ లేరు. అదృష్టమంటే అదీ! సుమారు 95 మీటర్ల లోతున్న ఆ గొయ్యి ఇప్పటికీ నోరు తెరుచుకునే ఉంది.

ఖనిజాన్ని పైకి లాగే మోకులు ఎద్దుతోలుతో పేనేవారు. మిగిలిన మాంసంతోనే, చెబుతారు, స్వీడన్‌లో ఇంటింటా తినే 'ఫాలుకొర్వ్' సాసేజ్ మొదలైంది. ఆ దేశపు పల్లెల్లో కనిపించే ఎర్రటి చెక్క ఇళ్ల రంగూ ఈ గని చెత్తదే. ఇనుము ఎక్కువున్న వ్యర్థాన్ని కాల్చి పొడి చేస్తే వచ్చే ఎరుపు అది.

1992లో తవ్వకం ఆగింది. 2001లో యునెస్కో జాబితాలోకెక్కింది. ఇప్పుడు సందర్శకులు హెల్మెట్లు పెట్టుకుని 67 మీటర్ల లోతుకు దిగుతారు. ఎండాకాలమైనా స్వెటర్ తప్పదు, లోపల ఎప్పుడూ 5, 6 డిగ్రీలే. ఎర్ర రంగు తయారీ మాత్రం ఆగలేదు.