రహీం సాబ్ వెళ్లిపోయాక ఆగిన లెక్క

ఆసియా క్రీడలు దగ్గర పడినప్పుడల్లా మన ఫుట్‌బాల్ అభిమానుల్లో ఒకటే మాట. పురుషుల జట్టు చివరిసారి బంగారు పతకం తెచ్చింది 1962లో, మళ్లీ ఎప్పుడు తెస్తుంది అని. జవాబు కోసం వెనక్కి తవ్వుకుంటూ పోతే హైదరాబాద్‌లో ఒక బడి పంతులు దగ్గరికి చేరతాం. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆటగాళ్లంతా రహీం సాబ్ అనేవారు.

1909లో పుట్టిన రహీం ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకుని, అక్కడి జట్టుకు ఆడి, ఆ తర్వాత నగరంలోని బడుల్లో పాఠాలు చెప్పారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యారు. సిటీ పోలీస్ జట్టు కోచ్ బాధ్యత కూడా ఆయన చేతికి వచ్చింది. చనిపోయేదాకా ఆ జట్టును వదల్లేదు.

ఆయన గురించి రాసేవాళ్లు సాధారణంగా పతకాల దగ్గర మొదలుపెడతారు. నన్నడిగితే మొదలుపెట్టాల్సింది మైదానంలో, ఆయన పెట్టిన వింత పోటీల దగ్గర. ఒక పోటీలో డ్రిబ్లింగ్, అంటే బంతిని కాలితో నడిపించుకుంటూ పోవడం, చేయకూడదు. బంతి కాలికి తగలగానే పాస్ ఇచ్చెయ్యాలి. ఇంకో పోటీలో అలవాటు లేని కాలితోనే ఆడాలి. కుడికాలి వాటం ఉన్న కుర్రాడు ఎడమకాలితో బంతి తన్నడం ఊహించుకోండి. మొదట బంతి ఎటో పోతుంది, పక్కవాళ్లు నవ్వుతారు. కొన్నాళ్లకు ఆ కాలు కూడా మాట వింటుంది. అప్పుడు ఎదుటి డిఫెండర్‌కు వాడు ఎటు తిరుగుతాడో అంతుపట్టదు. పిల్లాడి బలహీనత ఎక్కడుందో కనిపెట్టి, దానికే అభ్యాసం ఇవ్వడం మంచి పంతులు చేసే పని. రహీం దాన్ని బడి నుంచి మైదానానికి తెచ్చారు.

ఫలితం త్వరగానే కనిపించింది. 1950 నుంచి 1954 దాకా బొంబాయి రోవర్స్ కప్‌ను వరసగా ఐదేళ్లు సిటీ పోలీస్ జట్టే గెలుచుకుంది. మరో పెద్ద టోర్నీ డ్యూరాండ్ కప్ 1950 ఫైనల్లో కలకత్తా మోహన్ బగాన్ లాంటి జట్టును ఓడించింది. డ్యూరాండ్ కప్ రహీం కాలంలో నాలుగుసార్లు పోలీసుల చేతికి వచ్చింది. కలకత్తా తప్ప దేశంలో ఫుట్‌బాల్ లేదనుకునే రోజులవి. రాష్ట్రాల జట్ల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ కూడా 1956, 1957లలో హైదరాబాద్‌దే.

దేశ జట్టు కోచ్‌గా 1951 ఢిల్లీ ఏషియాడ్ (ఆసియా క్రీడలు) ఫైనల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి బంగారు పతకం అందుకున్నారు. ఏడాది తిరిగేసరికి హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తుగా ఓడారు. మన ఆటగాళ్లలో చాలామంది ఆ చలిలో, తడి నేల మీద ఉత్త కాళ్లతో ఆడారు. ఆ దెబ్బతో బూట్లు తప్పనిసరి అయ్యాయి. ఆ ఓటమి నుంచి రహీం నేర్చుకున్నది మాత్రం బూట్ల దగ్గర ఆగలేదు. అప్పట్లో అందరూ వెనక ముగ్గురే డిఫెండర్లుండే డబ్ల్యూ-ఎం పద్ధతిలో ఆడుతుంటే, ఆయన జట్టును 4-2-4 వైపు, అంటే వెనక నలుగురు, మధ్యలో ఇద్దరు, ముందు నలుగురు ఉండే పద్ధతి వైపు నడిపించారు. బ్రెజిల్ ఆ పద్ధతితో ప్రపంచ కప్ గెలిచింది 1958లో.

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లిన జట్టు వేరు. క్వార్టర్ ఫైనల్లో ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించింది, నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీస్ చేరిన తొలి ఆసియా జట్టు మనదే. సెమీస్‌లో మళ్లీ యుగోస్లావియాయే ఎదురైంది. మొదటి గోల్ మనదే, ఆఖరికి 4-1తో ఓడాం. నాలుగేళ్లలో 10-1 నుంచి ఇక్కడికి వచ్చామంటే కోచ్ ఎంత పని చేశాడో ఆ అంకెలే చెబుతాయి. కాంస్యం కోసం ఆడిన మ్యాచ్‌లో బల్గేరియా చేతిలో 3-0తో ఓడి నాలుగో స్థానంతో తిరిగొచ్చారు. 1960 రోమ్‌లో గ్రూప్ దాటలేకపోయినా ఫ్రాన్స్‌తో 1-1 డ్రా చేశారు, హంగరీకి 2-1 దాకా పోటీ ఇచ్చారు. హంగరీ మీద గోల్ కొట్టింది మన సికింద్రాబాద్ తులసీదాస్ బలరాం.

ఇక 1962 జకార్తా. రహీం అప్పటికే ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో బాధపడుతున్నారు. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడారు. థాయ్‌లాండ్‌పై 4-1తో గెలిచారు గానీ ఆ మ్యాచ్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. తర్వాత జపాన్‌ను 2-0తో ఓడించి సెమీస్ చేరారు. తలకు కుట్లున్న మనిషిని రహీం సెమీస్‌లో బరిలోకి దింపారు, అదీ ఫార్వర్డ్‌గా. జర్నైల్ గోల్ కొట్టాడు, దక్షిణ వియత్నాంపై 3-2తో గెలిచాం.

ఫైనల్లో మళ్లీ దక్షిణ కొరియాయే. ఇజ్రాయెల్, తైవాన్ జట్లను ఆ క్రీడలకు రానివ్వలేదని భారత ప్రతినిధి జి.డి. సోంధీ అభ్యంతరం చెప్పడంతో జకార్తాలో మనవాళ్లంటే కోపం రగిలింది. స్టేడియంలో లక్షమంది దాకా ఉన్నారు, దాదాపు అందరూ మనకు వ్యతిరేకమే. పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లు మాత్రం మన వైపు నిలబడి అరిచారని ఆనాటి ఆటగాళ్లు చాలాసార్లు చెప్పుకున్నారు. ముందు రోజు రాత్రి రహీం జట్టును కూర్చోబెట్టుకుని రేపు నాకో కానుక కావాలి, ఆ బంగారు పతకం ఇవ్వండి అని అడిగారని కూడా వాళ్లే చెప్పేవారు. కొరియన్లు బంతిని ఎత్తుగా లేపి ఆడతారని, ఫ్లూతో ఉన్న పొడగరి గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్‌ను ఆ రోజు నిలబెట్టారు. ఇరవై నిమిషాల్లోనే రెండు గోల్స్ పడ్డాయి. మొదటిది పి.కె. బెనర్జీది. రెండోది కుట్లున్న అదే తలతో ఆడుతున్న జర్నైల్‌ది. స్కోరు 2-1. అది 1962 సెప్టెంబర్ 4.

తొమ్మిది నెలలు గడిచాయి. 1963 జూన్ 11న రహీం కన్నుమూశారు. ఆయనకు 53 ఏళ్లు.

ఆ తర్వాత జరిగింది తలచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. ఆయన తయారుచేసిన ఆటగాళ్లు ఆడినన్నాళ్లూ జట్టు నిలబడింది. 1964 ఆసియా కప్‌లో రెండో స్థానం అలా వచ్చిందే. ఎడమకాలి పోటీలు, పాస్‌ల పోటీలు మాత్రం ఎవరూ అందిపుచ్చుకోలేదు. అంతా ఒక్క మనిషి భుజాల మీదే నడిచింది. ఆ మనిషి పోయాక కొత్త కుర్రాళ్లు వచ్చే దారి సన్నబడుతూ వచ్చింది. 1965లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది, ఆ ట్రోఫీ మళ్లీ ఇటు రాలేదు. కోచ్‌లకు ఇచ్చే ద్రోణాచార్య పురస్కారం మొదలైంది 1985లో, రహీం పోయిన 22 ఏళ్లకు.

ఏషియాడ్ పురుషుల ఫుట్‌బాల్‌లో మనకు దక్కిన చివరి పతకం 1970 బ్యాంకాక్ కాంస్యం. ఆ జట్టుకు శిక్షణ ఇచ్చినవారిలో జకార్తాలో మొదటి గోల్ కొట్టిన పి.కె. బెనర్జీ ఉన్నారు. కెప్టెన్ హైదరాబాద్ కుర్రాడు సయ్యద్ నయీముద్దీన్. ఆయనా తర్వాత కోచ్ అయ్యారు, 1990లో ద్రోణాచార్య అందుకున్నారు.